మొదటి గూడ్స్ వ్యాగన్ కిట్: ముందు చక్రాలు, తర్వాతే సోకులు

మా నాన్న గూడూరులో గూడ్స్ గార్డుగా పనిచేశారు, అందుకేనేమో నాకు చిన్నప్పటి నుంచీ ఎక్స్‌ప్రెస్ బండ్ల కన్నా గూడ్స్ బండ్లంటేనే ఇష్టం, గేటు పడితే అందరూ విసుక్కునేవాళ్ళు, నేను మాత్రం వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ నిలబడేవాణ్ణి. ఇప్పుడు చెన్నైలో పెరంబూర్ వైపు ఉంటున్నా, రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీ దగ్గర్లోనే, ఏడెనిమిదేళ్ళుగా ఇంట్లో మోడల్ రైళ్ళకి చిన్న వ్యాగన్ కిట్లు, అంటే ముక్కలు అతికించి కట్టేవి, కడుతున్నా. ఈ మధ్య మా చెల్లెలి కొడుకు, ఆఫీసులో ఇద్దరు కుర్రాళ్ళు కిట్ కొనుక్కుని ఎలా మొదలుపెట్టాలన్నా అని అడుగుతున్నారు, విడివిడిగా చెప్పేకంటే ఒకేచోట రాసేద్దామని ఇది.

మళ్ళీ మళ్ళీ చెప్పేది ఒక్కటే ఉంటుంది ఇందులో, వ్యాగన్ అన్నాక ముందు దొర్లాలి. నా మొదటి కిట్‌కి నేను చేసింది సరిగ్గా ఉల్టా, పక్క గోడలు తలుపులు రివెట్లు చూసి మురిసిపోయి, రెండ్రోజులు కూర్చుని పైభాగం అంతా అతికించి రంగు కూడా వేసి, చక్రాలు చివర్లో పెట్టా. పట్టా మీద పెడితే నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంది, మలుపు వచ్చిన ప్రతిసారీ పడిపోయింది, అప్పటికే జిగురు రాయిలా అయిపోయింది కాబట్టి విప్పడానికీ లేదు. ఆ రోజు నిజంగా బాధేసింది. పైన ఒక గొళ్ళెం కాస్త వంకరగా ఉంటే రెండడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు, కింద అర మిల్లీమీటర్ తేడా వస్తే మాత్రం ఆ వ్యాగన్ వెనకున్న రేక్, అంటే వ్యాగన్ల వరుస, మొత్తం ఆగిపోతుంది.

ముందు స్కేల్ సంగతి. మీకు దొరికే కిట్లలో ఎక్కువ భాగం రెండు రకాలు, హెచ్‌ఓ అంటే 1:87, అసలు బండిలో 87వ వంతు, బ్రిటిష్ వాళ్ళ ఓఓ అంటే 1:76. రెండూ నడిచేది ఒకే పట్టా మీద, పట్టాల మధ్య దూరం 16.5 ఎంఎం. ఇది 1435 ఎంఎం స్టాండర్డ్ గేజ్‌ని 87తో భాగిస్తే వచ్చే లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 ఎంఎం, అదే 87తో భాగిస్తే 19.3 దాకా వస్తుంది. అందుకే మన బాక్స్‌ఎన్, అదే బొగ్గు మోసే పైకప్పు లేని వ్యాగన్, మోడల్‌ని ఆ పట్టా మీద పెడితే వెడల్పాటి మనిషి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. మొదట్లో దీని గురించి బుర్ర పాడుచేసుకోకండి, మన బండ్లు చేసేవాళ్ళలో చాలామంది ఈ తేడాతో సర్దుకుపోతారు, నేనూ అంతే.

మొదటి కిట్‌గా నేను చెప్పేది బ్రిటిష్ నాలుగు చక్రాల ఓపెన్ వ్యాగన్, ప్లాస్టిక్ అచ్చుది. పార్క్‌సైడ్, అది ఇప్పుడు పీకో వాళ్ళది, ఇంకా కేంబ్రియన్, పాత ఎయిర్‌ఫిక్స్ అచ్చులతో డాపోల్ వాళ్ళు వేసేవి, ఇలాంటివి. అమెరికన్ హెచ్‌ఓ కావాలంటే ఆక్యురైల్ కిట్లు చాలా తేలిక, ఒక సాయంత్రంలో అయిపోతాయి. మన వ్యాగనే కావాలి కదా అని కొందరు నేరుగా రెజిన్ బాడీతోనో ఎచింగ్ చేసిన ఇత్తడి రేకు కిట్‌తోనో మొదలుపెడతారు, వద్దు. ఇత్తడికి టంకం పెట్టాలి, రెజిన్ వంకర తిరిగి వస్తుంది, దాన్ని వేడినీళ్ళలో ముంచి తిన్నగా చెయ్యాలి, అవన్నీ మూడోదో నాలుగోదో అయ్యాక. ప్లాస్టిక్ ఓపెన్ వ్యాగన్ అంటే పైకప్పు ఉండదు, లోపల చెయ్యి పడుతుంది, తప్పు జరిగితే కనిపిస్తుంది. డబ్బా మీద ఒకటి చదవండి, కొన్ని కిట్లలో చక్రాలు, వ్యాగన్లని ఒకదానికొకటి తగిలించే కప్లింగులు (కప్లర్లన్నా అవే) ఉండవు, విడిగా తెప్పించుకోవాలి. పాత డిజైన్ కిట్లలో ప్లాస్టిక్ చక్రాలొస్తే వాటిని పక్కన పడేసి మెటల్ చక్రాలు వెయ్యండి, ప్లాస్టిక్ చక్రాలు పట్టా మీద మురికిని పోగుచేసి అంతా పూసుకుంటూ పోతాయి.

సామాను పెద్దగా అక్కర్లేదు. చిన్న సైడ్ కట్టర్, సన్నటి బ్లేడు కత్తి, చిన్న ఆకురాళ్ళ సెట్టు, 400, 600, 1000 నంబర్ల ఎమరీ పేపర్, ట్వీజర్స్, స్టీల్ స్కేల్, చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌కి అర మిల్లీమీటర్ బిట్లు. ఇవన్నీ రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గరా, ప్యారీస్ కార్నర్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లోనూ దొరుకుతాయి. రెండు వస్తువులు మాత్రం ఎవరూ చెప్పరు, నేను గట్టిగా చెప్తున్నా. ఒకటి చిన్న మూలమట్టం, వడ్రంగివాళ్ళు వాడేదే, నాలుగంగుళాలది చాలు. రెండోది అద్దం ముక్క, అద్దాల షాపులో అడిగితే కోసి మిగిలిన ముక్క ఇస్తారు, అంచులు రాయించుకోండి. అద్దం కన్నా చదునైన జాగా మీ ఇంట్లో ఇంకెక్కడా ఉండదు, టేబుల్ మీద నమ్మకం పెట్టుకోకండి.

జిగురు విషయానికొస్తే ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ అతకాలంటే నీళ్ళలాంటి సాల్వెంట్ సిమెంట్, టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది. అది ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేస్తుంది. రెండు ముక్కలూ ముందు పొడిగానే దగ్గర పెట్టి, లోపలి వైపు నుంచి సందులో కుంచె మొనతో తాకిస్తే చాలు, దానంతటదే సందులోకి పాకిపోతుంది, పైనుంచి పూస్తే వేలిముద్రలు పడతాయి. లోహం అతకడానికి ఫెవిక్విక్ లేదా ఆరాల్డైట్. ఫెవిక్విక్ రకం జిగురు గట్టిపడేదే గాల్లో తేమతో, మన చెన్నైలో తేమకి కొదవా, సర్దుకునే టైమ్ ఇవ్వదు, కాబట్టి ముక్క ఎక్కడ కూర్చోవాలో ముందే పొడిగా పెట్టి చూసుకుని అప్పుడు గుండుసూది మొనతో ఒక్క చుక్క వెయ్యండి. తెరిచిన ట్యూబుని మూత గట్టిగా పెట్టి, సిలికా జెల్ పొట్లంతో కలిపి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే చాలా రోజులొస్తుంది, పిల్లలున్న ఇల్లయితే డబ్బాకి తాళం.

ఇక పని. ముక్కలున్న ఫ్రేములన్నీ గోరువెచ్చటి నీళ్ళలో అంట్లు తోమే లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి, అచ్చులోంచి తీయడానికి వాడిన నూనె దాని మీద ఉంటే రంగు నిలవదు. ముక్కల్ని చేత్తో విరిచెయ్యకండి, కట్టర్‌తో కాస్త దూరంగా కోసి మిగిలిన బొడిపెని కత్తితో తీసి ఆకురాయి పట్టండి. అన్నీ ఒకేసారి కోసి కుప్ప పెట్టొద్దు, ఏ స్టెప్‌కి ఏది కావాలో అదే కొయ్యండి, కుడి ఎడమ ముక్కలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం, కింది ఫ్రేము. నాలుగు చక్రాల వ్యాగన్‌కి రెండు పక్కలా పొడుగాటి దూలాలుంటాయి, వాటికే ఇరుసు కూర్చునే యాక్సిల్ బాక్సులు అచ్చులో వచ్చేస్తాయి. వాటి వెనక గుంటల్లో చిన్న ఇత్తడి బేరింగ్ కప్పులు పెట్టాలి, ఇరుసు మొనలు సూదిగా ఉండి వాటిలో తిరుగుతాయి. ఓఓలో ఇరుసు పొడవు సాధారణంగా 26 ఎంఎం. కప్పు గుంటలోకి పూర్తిగా దిగకపోతే చక్రం బిగుసుకుపోతుంది, ఎక్కువ లోతుకి పోతే లొడలొడలాడుతుంది, కాబట్టి డ్రిల్ బిట్‌ని చేత్తో మెల్లగా తిప్పి గుంట శుభ్రం చేసి, కప్పు పెట్టి, ప్రతి చక్రాన్నీ వేలితో తిప్పి చూడండి, ఆగేటప్పుడు మెల్లమెల్లగా ఆగాలి, ఠక్కున ఆగిందంటే ఎక్కడో రాసుకుంటోంది.

చక్రాల జత కూడా చూసుకోవాలి. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం ఓఓలో దాదాపు 14.5 ఎంఎం ఉండాలి. కొత్త చక్రాలే కదా అని వదిలెయ్యకండి, డిజిటల్ కాలిపర్ ఉంటే కొలవండి, తక్కువ ఉంటే మెల్లగా తిప్పుతూ బయటికి లాగండి. పట్టా రెండుగా చీలే పాయింట్ల దగ్గర మాత్రమే వ్యాగన్ పడిపోతుంటే తొంభై పాళ్ళు ఇదే కారణం.

ఒక పక్క దూలాన్ని వ్యాగన్ ఫ్లోర్‌కి పూర్తిగా అతికించండి, మూలమట్టం పెట్టి నిలువుగా ఉందో లేదో చూస్తూ. అది ఆరాక రెండో పక్కది అతికించేటప్పుడు రెండే రెండు చుక్కల సాల్వెంట్ వేసి, చక్రాలు మధ్యలో కూర్చోబెట్టి, వెంటనే తీసుకెళ్ళి అద్దం మీద పెట్టండి. పైనుంచి నాలుగు మూలల్లోనూ ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడండి. ఏ మూల నొక్కినా కదలకూడదు, టక్‌టక్ అని శబ్దం రాకూడదు. అద్దంలో చక్రం, దాని నీడ ఒకదానికొకటి తాకుతున్నాయో లేదో కూడా కనపడుతుంది, ఎక్కడైనా వెలుతురు గీత కనిపిస్తే ఆ చక్రం గాల్లో ఉన్నట్టే. సాల్వెంట్ ఇంకా మెత్తగానే ఉంటుంది కాబట్టి ఫ్రేముని రెండు చేతులతో పట్టుకుని ఒక్క పిసరు మెలితిప్పితే సర్దుకుంటుంది. పైనుంచి చూసి రెండు ఇరుసులూ దూలానికి సరిగ్గా అడ్డంగా ఉన్నాయో లేదో మూలమట్టంతో చూడండి, లేకపోతే వ్యాగన్ పీత నడిచినట్టు పక్కకి లాగుతుంది. అన్నీ కుదిరాక మిగతా సందంతా సాల్వెంట్ తాకించి, పైన ఏదైనా బరువు పెట్టి, రాత్రంతా అలాగే వదిలెయ్యండి. ఫ్యాన్ గాలికి ఆరిపోయిందిలే అని గంటకే ఎత్తొద్దు.

పొద్దున్నే పరీక్ష. ఒక అడుగు పొడవు పట్టా ముక్కని పలక మీద పెట్టి ఒక చివర అర అంగుళం ఎత్తండి. చెయ్యి వదిలితే వ్యాగన్ తనంతట తనే దిగిపోవాలి. దిగకపోతే పైపని ముట్టుకోవద్దు, ఇదొక్కటీ నా మాట వినండి.

బోగీ వ్యాగన్ అయితే ఇంకో పద్ధతి. (మనం మాటల్లో బోగీ అంటే మొత్తం పెట్టె అనేస్తాం, రైల్వే వాళ్ళ భాషలో బోగీ అంటే కింద నాలుగు చక్రాలతో తిరిగే ట్రాలీ మాత్రమే.) రెండు బోగీలనీ ఒకేలా బిగించకూడదు. ఒకదాని స్క్రూ అటూ ఇటూ తిరిగేంత వదులుగా, కానీ పక్కలకి ఊగకుండా బిగించండి, రెండోది అన్నివైపులా కాస్త ఊగేలా వదులుగా ఉంచండి. మూడు కాళ్ళ స్టూలు ఎక్కడ పెట్టినా కుదురుగా నిలబడుతుందే, అదే లెక్క.

పైభాగం దీంతో పోలిస్తే హాయి. ఒక పక్క గోడా, ఒక చివరి గోడా మూలమట్టంలో పెట్టి ఎల్ ఆకారంలో అతికించి, రెండో ఎల్ కూడా అలాగే చేసి, రెండూ కలిపితే చాలు. డీటెయిల్ మీద ఇష్టం ఉన్నవాళ్ళు చెయ్యదగ్గ మొదటి మార్పు చేతిపిడులు, అచ్చులో ముద్దలా వచ్చినవాటిని బ్లేడుతో గీకేసి, 0.3 ఎంఎం ఇత్తడి తీగ వంచి, చిన్న రంధ్రాలు చేసి దూర్చండి, ఒక్కసారిగా వ్యాగన్‌కి ప్రాణం వస్తుంది. బ్రేక్ గేర్ పెట్టేటప్పుడు బ్రేక్ కట్టెలు చక్రానికి ఎదురుగా రావాలి కానీ తాకకూడదు, సన్నటి పేపర్ ముక్క మధ్యలో పెట్టి అతికించి తర్వాత లాగేస్తే ఆ సందు సరిగ్గా మిగులుతుంది.

బరువు చాలామంది మర్చిపోతారు, ఖాళీ ప్లాస్టిక్ వ్యాగన్ రేక్ మధ్యలో ఉంటే మలుపులో ఎగిరి అవతల పడుతుంది. ఓఓ నాలుగు చక్రాల వ్యాగన్‌కి ఇరుసుకి 25 గ్రాముల చొప్పున మొత్తం 50 గ్రాములు అనుకుంటారు. హెచ్‌ఓకి అమెరికా మోడల్ రైలు వాళ్ళ సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ లెక్క ఉంది, ముందు ఒక ఔన్సు, పైన ప్రతి అంగుళం పొడవుకీ అర ఔన్సు. మన బాక్స్‌ఎన్ కప్లర్లతో కలిపి 10.7 మీటర్లు, హెచ్‌ఓలో 123 ఎంఎం, అంటే దాదాపు 4.8 అంగుళాలు, లెక్కేస్తే 97 గ్రాముల దాకా వస్తుంది. వంటింట్లో కేకుకి వాడే డిజిటల్ త్రాసు సరిపోతుంది. బరువుకి స్టీల్ నట్లు వాషర్లు వాడొచ్చు, కానీ కేడీ కంపెనీ కప్లర్లు పెట్టి పట్టాల మధ్య అయస్కాంతంతో విడదీసే ఏర్పాటు ఉంటే స్టీల్‌ని అది లాగుతుంది, అప్పుడు సీసం మేలు, చేపల వలలకి కట్టే సీసం గుండ్లు కాశిమేడు, రాయపురం వైపు దొరుకుతాయి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, సీసాన్ని ఫెవికాల్‌తో అతికించొద్దు. ఆ తెల్ల జిగురుతో సీసం మెల్లగా తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, మూసి ఉన్న చోటయితే ఏడాదికో రెండేళ్ళకో బాడీ పగిలిపోతుంది. ఆరాల్డైట్ వాడండి.

కప్లర్ ఎత్తు కంటితో చూసి వదిలెయ్యొద్దు, ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ లెక్కలో పట్టా పైనుంచి కప్లర్ మధ్యకి 9.9 ఎంఎం, దానికి చిన్న గేజ్ అమ్ముతారు, ఒక్కసారి కొంటే జీవితాంతం ఉంటుంది.

రంగు. పుదుప్పేట వైపు ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరికే గ్రే ప్రైమర్ స్ప్రే వాడొచ్చు, కాకపోతే కొన్నిట్లో ఉండే థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది, ముందు మిగిలిన ఫ్రేము ముక్క మీద కొట్టి చూడండి. చెన్నైలో రంగుకి అసలు శత్రువు తేమ, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక స్ప్రే చేస్తే కొన్నిసార్లు రంగు మీద తెల్లగా పొగ పట్టినట్టు వస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో నేను స్ప్రే డబ్బా ముట్టుకోను, ఆ మూడు నెలలూ కోత, అతుకు పనులే. మిగతా రోజుల్లో ఎండెక్కి తేమ కాస్త తగ్గాక, గాలి మొదలవ్వకముందే, మేడ మీద అట్టపెట్టెలో పెట్టి, పలచగా మూడు కోట్లు, ముక్కుకి మాస్కు. ఒకేసారి దట్టంగా కొడితే రివెట్లన్నీ మునిగిపోతాయి, అంతసేపు వాటిని కాపాడుకుంటూ వచ్చింది దీనికా.

అక్షరాల స్టిక్కర్లు నీళ్ళలో నానబెట్టేవి, వాటిని మెరుపు లేని మ్యాట్ రంగు మీద నేరుగా వేస్తే అంచుల చుట్టూ వెండిలా మెరుస్తుంది, ఎందుకంటే గరుకు మీద కింద గాలి చిక్కుకుంటుంది. ముందు నున్నగా మెరిసే గ్లాసీ వార్నిష్, దాని మీద స్టిక్కర్, మెత్తబరిచే మైక్రోసాల్ లాంటి ద్రవం, ఆరాక మొత్తానికి మ్యాట్ వార్నిష్.

మన వ్యాగన్ చేస్తుంటే నంబర్ తోచినట్టు వెయ్యకండి, దానికి లెక్కుంది, నాకు ఈ భాగం చాలా ఇష్టం. 11 అంకెలు. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాత రెండూ ఏ రైల్వేదో, 06 అయితే సదరన్, 09 అయితే సౌత్ సెంట్రల్, తర్వాత రెండూ తయారైన సంవత్సరం, ఆ తర్వాత నాలుగు వ్యాగన్ సొంత నంబర్, చివరిది సరిచూసే అంకె. లెక్క చూపించడానికి ఒకటి అనుకుందాం, 10 09 95 2347. సరి స్థానాల్లో ఉన్నవి 0, 9, 5, 3, 7, కలిపితే 24, దాన్ని మూడుతో గుణిస్తే 72. బేసి స్థానాల్లో 1, 0, 9, 2, 4, కలిపితే 16. మొత్తం 88. పైన వచ్చే పదుల సంఖ్య 90, తేడా 2. అంతే, చివరి అంకె 2.

పాతబడిన రూపం ఇవ్వడానికి మెత్తటి పొడి పేస్టల్ చాక్‌లని ఎమరీ మీద రాస్తే వచ్చే పొడి చాలు, ఆయిల్ పేస్టల్ కాదు. కానీ వెయ్యబోయే ముందు అసలు వ్యాగన్ని చూడండి. గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట లోకల్ ఎక్కితే చాలు, దారిలో బొగ్గు రేక్‌లు కనపడుతూనే ఉంటాయి, ప్లాట్‌ఫారం మీద నుంచో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నుంచో చూడండి, పట్టాల్లోకి మాత్రం దిగొద్దు. తుప్పు అంతటా సమానంగా ఉండదు, నీళ్ళు కారిన దారుల్లో, గీసుకున్న చోట్ల ఉంటుంది. చక్రాలు కూడా చూడండి, బాక్స్‌ఎన్‌కి కొత్తప్పుడు చక్రం 1000 ఎంఎం, అరిగి 906కి వస్తే తీసేస్తారు. అమెరికన్ 36 అంగుళాల హెచ్‌ఓ చక్రం 10.5 ఎంఎం ఉంటుంది, అంటే మన లెక్కలో బాగా అరిగిపోయిన చక్రం, పాత రేక్ చేస్తున్నప్పుడు అది తప్పు కూడా కాదు.

బొగ్గు లోడ్‌కి ఇస్త్రీ బండి వాళ్ళ దగ్గర రెండు బొగ్గులు అడిగి, గుడ్డలో కట్టి సుత్తితో నలగ్గొట్టి, టీ జల్లెడలో పట్టండి. థర్మాకోల్ ముక్కని కుప్పలా చెక్కి నల్ల యాక్రిలిక్ పూసి, మీద ఈ పొడి చల్లి, సగానికి సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ఒక్క చుక్క అంట్ల లిక్విడ్ వేసి డ్రాపర్‌తో తడిపితే అంతా పట్టేస్తుంది. లోడ్‌ని వ్యాగన్‌కి అతికించొద్దు, తీసి పెట్టేలా ఉంచుకోండి.

నేను త్రీడీ ప్రింట్ బాడీతో మొదటి బాక్స్‌ఎన్ కట్టినప్పుడు ఈ లోడ్ పెట్టి నాన్నకి చూపించా. కళ్ళద్దాలు పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, చక్రాలు వేలితో దొర్లించి, పక్కన నేను తీగతో చేసిన చిన్న హ్యాండిల్ దగ్గర ఆగిపోయారు. "ఇది ఎంప్టీలో ఉందే, బొగ్గు నిండా వేసినావు కదా నాయనా" అన్నారు. బాక్స్‌ఎన్‌కి పక్కన ఎంప్టీ-లోడ్ హ్యాండిల్ ఒకటి ఉంటుంది, లోడ్ ఉన్నప్పుడు దాన్ని లోడ్ వైపుకి తిప్పాలి, లేకపోతే ఖాళీ వ్యాగన్‌కి సరిపడా బ్రేకే పడుతుంది, ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రేక్ పక్కనే నడుస్తూ చూసుకున్న వాటిల్లో అదొకటి. ఆ రాత్రే తీగ ఊడదీసి రెండో వైపుకి తిప్పి అతికించా. ఇప్పుడు రెండు రకాలుగానూ ఉంచుతున్నా, ఖాళీ వ్యాగన్లకి ఒక వైపు, బొగ్గు వేసిన వాటికి ఇంకో వైపు. మీరు కట్టేటప్పుడు ఆ హ్యాండిల్ అతికించే ముందే లోడ్ సంగతి తేల్చుకోండి.